మామ్మ చేతి కొలత – కనుమనాటి పులుసు మీద ఒక పరిశీలన

సావనీరుకు వ్యాసం కావాలని సంపాదకవర్గ మిత్రులు అడిగినప్పుడు, రసాయనశాస్త్రం చదివేవాణ్ణి గనక ఏ పాలిమర్ల గురించో రాస్తానని వారు ఆశించి ఉంటారు. నేను పులుసు గురించి రాస్తున్నాను. విశ్వవిద్యాలయ కళాశాల సంచికలో చేపల పులుసేమిటని లెక్చరర్లు ముక్కున వేలేసుకోవద్దని మనవి. నాలుగేళ్ళలో లాబరేటరీలో నేను పాడుచేసిన ప్రయోగాలు చాలా ఉన్నాయిగాని, పదకొండుమంది ఆకలితో ఎదురుచూస్తుండగా పాడైన ప్రయోగం మాత్రం ఒక్కటే. అది మా ఇంటి వంటగదిలో జరిగింది. ఆ వైఫల్యం నేర్పినంత కెమిస్ట్రీ నాకు ఏ ప్రాక్టికల్సూ నేర్పలేదు.

మాది ఐనవిల్లి. సిద్ధివినాయకుని క్షేత్రంగా ఆ పేరు అందరికీ తెలిసిందే. పరీక్షల ముందు స్వామివారి పూజలో పెట్టిన కలాలను విద్యార్థులకు పంచే ఊరది. ఈ వ్యాసం కూడా అలా వచ్చిన కలంతోనే రాస్తున్నాను. తూర్పున గౌతమి, పడమట వసిష్ఠ, నడుమ వైనతేయ, దక్షిణాన సముద్రం – ఇదీ మా కోనసీమ. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేశాక కాలవలు పారి ఈ గడ్డంతా వరి, కొబ్బరి అయింది. ఏటి చేప, కాలవ చేప, ఉప్పుటేటి పీత, సముద్రపు రొయ్య – అన్నీ ఒకే పూట ఒకే గుమ్మంలోకి వచ్చే చోట్లు లోకంలో ఎక్కువ ఉండవు. పైన కొబ్బరిపాలు పొయ్యడానికి పెరట్లో చెట్టు ఉండనే ఉంది.

సంక్రాంతి మూడు రోజుల్లో భోగి పిల్లలది, పెద్ద పండుగ పితృదేవతలది, కనుమ పశువులదీ భోజనప్రియులదీను. ఆ రోజు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం. ఏకాదశ రుద్రుల ప్రభలు భుజాల మీద, కొన్ని కౌశిక దాటి, తోటకు రావడం చూసితీరవలసిందే. 2023 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో మన రాష్ట్ర శకటంగా నడిచింది ఈ తీర్థమే. తీర్థం చూసి దుమ్ము కొట్టుకుని చుట్టాలందరూ చీకటిపడే వేళకు ఇంటికి చేరతారు. అప్పుడు మినపగారెలు, వాటిలోకి మామ్మ పులుసు. రొయ్య, పీత, పండుగప్ప మూడూ కలిసి, కొబ్బరిపాలతో దించిన పులుసు అది. ఊరంతా ఇలాగే చేస్తారని అనను. ఇది మా ఇంటి పద్ధతి.

కొలత ఎక్కడుంది?

2023 వర్షాకాలంలో మామ్మకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. మనిషి దక్కింది, మాట తిరిగి వచ్చింది, చెయ్యి మాత్రం రాలేదు. ఆ తరవాత సంక్రాంతి దగ్గరపడుతుంటేగాని మాకు తట్టలేదు – పులుసు కొలతలన్నీ ఆ చేతిలోనే ఉన్నాయని. కారం గుప్పెడు, మెంతులు చిటికెడు, చింతపండు పిడికెడు, ఉప్పు చారెడుకు తక్కువ. అంతా ఆవిడ గుప్పెడు, ఆవిడ చిటికెడు. కాగితం మీద ఒక్క ముక్క లేదు. పోనీ అమ్మను అడుగుదామంటే, అమ్మ కాపురానికొచ్చి ముప్పై ఏళ్ళయినా కనుమనాడు ఆ పొయ్యి దగ్గరికి రానిస్తే గదా! అమ్మది గారెల బాణలి, మామ్మది పులుసు గిన్నె. హద్దురాళ్ళు అలా పాతేసి ఉండేవి.

"నేను చేస్తాను మామ్మా" అన్నాను 2024 కనుమకు, చదువుకున్నవాణ్ణన్న ధైర్యంతో.

"ఒరే అబ్బాయ్, అదేమన్నా టీయా?" అంది మంచం మీంచి.

ఆవిడ మాట వినకుండా చేశాను. పులుసు కళపెళ మరుగుతుండగా రొయ్యలు, పీతలు, చేప ముక్కలు ఒకేసారి దింపాను. అడుగంటుతుందేమోనని గరిటెతో బాగా తిప్పాను. చివరకు అదే మరుగులో కొబ్బరిపాలు మొత్తం గుమ్మరించాను. రెండు నిమిషాల్లో పాలు విరిగి తరకలు తేలాయి. చేప ముక్కలు చిదిగి ముళ్ళూ పొట్టూ అయ్యాయి. రొయ్యలు రబ్బరు ముక్కలు. పీత డొప్పల్లో మాత్రం ఇంకా పచ్చివాసన పోలేదు. చుట్టాలు మర్యాదస్థులు గనక గారెలు బాగున్నాయన్నారు. మామయ్య ఒక్కడూ, "అల్లుడూ, రేపు సిమెంటు కూడా ఇలాగే కలుపుతావా ఏంటి?" అన్నాడు. మామ్మ ఒక చెంచా నోట్లో పెట్టించుకుని, "రుచి పోలేదురా, రూపు పోయింది" అని ఊరుకుంది. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది.

"చాలు" ప్రయోగం

ఆ ఏడాది సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడల్లా ఒక పని పెట్టుకున్నాను. ఎడంచెయ్యి వంటలో పెట్టడానికి మామ్మ ససేమిరా ఒప్పుకోదు. అందుకని ఒక పళ్ళెంలో నేను కొంచెం కొంచెంగా వేస్తూ పోవడం, ఆవిడ చూసి "చాలు" అనడం, దాన్ని చిన్న త్రాసులో తూయడం. ఒక్కొక్కటీ మూడుసార్లు, మూడు వేర్వేరు రోజుల్లో. చింతపండు 92, 88, 95 గ్రాములు వచ్చింది. ఉప్పు 44, 47, 45. కంటిచూపుతో, ఏ తూకం లేకుండా, ఇంత దగ్గరగా చెప్పడం మా లాబరేటరీలో ఎంతమందికి చాతనవుతుందో చెప్పలేను.

కారం దగ్గర మాత్రం లెక్క కుదరలేదు. 30, 45, 52. నా ప్రయోగం తప్పిందనుకున్నాను. తీరా గమనిస్తే, తప్పింది నా చూపే. కారం పళ్ళెం చూపించే ముందు ప్రతిసారీ ఒక్క పలుకు నాలిక మీద వేయమని అడిగేది. మూడుసార్లూ మూడు రకాల మిరపకాయల కారం అది. ఆవిడ కొలిచేది బరువును కాదు, ఘాటును. 1912లో స్కోవిల్ అనే అమెరికన్ ఫార్మసిస్టు మిరప ఘాటును కొలవడానికి కనిపెట్టిన పద్ధతి కూడా, చక్కెరనీళ్ళలో పలచన చేసి మనుషుల చేత రుచి చూపించడమే. మామ్మకు స్కోవిల్ తెలియడు. నాలిక తెలుసు.

నాలుగు ప్రశ్నలు, జవాబులు

ఆ తరవాత నా తప్పులను ఒక్కొక్కటిగా పుస్తకాలతో సరిచూసుకున్నాను.

పాలెందుకు విరిగాయి? కొబ్బరిపాలు ఒక ఎమల్షన్. నీళ్ళలో సన్నని నూనె బిందువులు తేలుతుంటాయి. ఆ బిందువులు ఒకదాన్నొకటి అంటుకోకుండా వాటి చుట్టూ ప్రోటీన్ల పొర ఉంటుంది. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం ఒక పక్క, మరుగుతున్న వేడి మరో పక్క తగిలితే ప్రోటీన్లు గడ్డకడతాయి, నూనె విడిపోతుంది. పొయ్యి ఆర్పాక, ముందుగా ఒక గరిటెడు పులుసు పాలలో కలిపి అలవాటు చేసి, తరవాత సన్నని ధారగా పోస్తే విరగవు. "పాలల్లో చెంచాడు బియ్యప్పిండి కలపరా" అనేది మామ్మ. పిండిపదార్థం ద్రవాన్ని చిక్కబరిచి నూనె బిందువులను కలవనీయదు. ఇది నాకు తరవాత తెలిసింది.

రొయ్య రబ్బరెందుకయింది, పీత పచ్చిగా ఎందుకుంది? రొయ్య కండ పలచన. మూడు నిమిషాలు దాటితే ప్రోటీన్లు బిగిసి నీటిని బయటకు పిండేస్తాయి. పీతకు గట్టి డొప్ప ఉంది, వేడి లోపలికి చేరడానికి పన్నెండు, పదిహేను నిమిషాలు కావాలి. చేప ఈ రెంటికీ మధ్య. చేప కండను పట్టి ఉంచే కొల్లాజెన్ మేకమాంసంలో కంటే చాలా తక్కువ వేడికే కరిగి జిగురవుతుంది. అందుకే ముక్క త్వరగా ఉడుకుతుంది, గరిటె తగిలితే పొరలు పొరలుగా విడిపోతుంది. కనుక గిన్నెనే అంచులు పట్టుకుని తిప్పాలిగాని గరిటె పెట్టకూడదు. "పీత మొండిది, చేప మెత్తనిది, రొయ్య పసిది. మొండిదాన్ని ముందు దింపు, పసిదాన్ని ఆఖర్న దింపు" – ఇదీ మామ్మ సూత్రం. పైన చెప్పిందంతా దీనికి వ్యాఖ్యానమే.

నీచువాసనకు చింతపండు ఎలా విరుగుడు? సముద్రపు చేపలో ట్రైమిథైలమీన్ ఆక్సైడ్ అనే పదార్థం ఉంటుంది. చేప చచ్చాక సూక్ష్మజీవులు దాన్ని ట్రైమిథైలమీన్‌గా మారుస్తాయి. నీచువాసన దానిదే. అది క్షారం. ఆమ్లం తగిలితే లవణంగా మారి గాలిలోకి లేవదు, ముక్కుకు అందదు. చెరువు చేపల బురదవాసన వేరు, అది జియోస్మిన్ అనే పదార్థానిది. పులుపులో అదీ విరిగిపోతుంది. అలాగని కుళ్ళిన సరుకును చింతపండు బాగుచేస్తుందనుకోకండి. ముఖ్యంగా కానాగంతలు, సూరలు వంటి చేపలు నిలవ పాడైతే వాటిలో హిస్టమిన్ పుడుతుంది. ఎంత మరిగించినా అది పోదు. పీతను కదులుతుంటేనే కొనాలి. రొయ్య, పీత పడని ఒళ్ళున్నవారికి ఉడికించినంత మాత్రాన అవి పడతాయనుకోవడం కూడా పొరపాటే, ప్రాణం మీదికొస్తుంది. వడ్డించే ముందు అడగడం మర్యాదే కాదు, అవసరం.

రొయ్య తలలు, పొట్టు ఎందుకు? మొదటి ఏడాది నేను వాటిని చెత్తలో పారేశాను. మామ్మ అసలు బాధపడ్డది దానికేనని చాలా రోజుల తరవాత తెలిసింది. "తల పారేసి తోక వండేవాడికి పులుసెక్కడిదిరా?" అంది. పచ్చి రొయ్య పొట్టులో ఆస్టజాంథిన్ అనే ఎర్రని రంగు ప్రోటీనుతో ముడిపడి నల్లగా, నీలంగా కనపడుతుంది. వేడికి ముడి వీడి ఎరుపు బయటపడుతుంది. ఆ రంగు నూనెలో కరుగుతుంది, నీటిలో కరగదు. అందుకే ముందు నూనెలో వేయించాలి. ఇక రుచి సంగతి. 1908లో ఇకెడా అనే జపాను శాస్త్రజ్ఞుడు సముద్రపు నాచు చారులో గ్లూటమేట్‌ను, 1913లో కొడామా ఎండుచేపలో ఇనోసినేట్‌ను గుర్తించారు. ఈ రెండూ కలిస్తే రుచి కూడికలా కాక హెచ్చవేతలా పెరుగుతుంది. రొయ్య, పీత, చేప కలిపి వండడంలోని కిటుకు ఇదే.

ఈ కిటుకు మనకొక్కరికే తెలిసిందని గర్వపడనక్కరలేదు. ఫ్రాన్సులో మార్సెయ్ రేవు జాలరులు అమ్ముడుపోని ముళ్ళచేపలను మరిగించి, వడగట్టి, ఆ నీటిలో మంచి చేపను ఉడికించే బూయాబేస్ అనే పులుసు జగత్ప్రసిద్ధం. అసలు పద్ధతి చెడిపోతోందని అక్కడి హోటళ్ళవారు 1980లో కూర్చుని, అందులో ఏమేం ఉండాలో ఒక ఒడంబడిక రాసుకున్నారు. 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న యానాం మాకు గౌతమి దిగువనే ఉంది. వారి పులుసు మనకొచ్చిందనిగాని, మన పులుసు వారికి వెళ్ళిందనిగాని నేను అనడం లేదు. పేదవాడు పారేయడానికి మనసొప్పక మరిగించినదే రెండు చోట్లా పండుగ వంటయిందని మాత్రం అంటాను. తేడా ఒక్కటే. వారు రాసుకున్నారు.

వండే విధానం (పదకొండుమందికి)

సరుకు: తలలతో ఉన్న రొయ్యలు 1 కిలో. బతికున్న మండపీతలు 4. పండుగప్ప ముక్కలు 1 కిలో. చింతపండు 92 గ్రాములు. ఉల్లిపాయలు అర కిలో. పచ్చిమిర్చి 10. అల్లం 30 గ్రాములు, వెల్లుల్లి 40. ధనియాలు 25, జీలకర్ర 10, మెంతులు 3 గ్రాములు. కారం 45 గ్రాములు, ఘాటును బట్టి హెచ్చుతగ్గులు. ఉప్పు 45. పసుపు ఒక చెంచా. నూనె 150 మిల్లీలీటర్లు. కొబ్బరికాయలు 2. బియ్యప్పిండి ఒక చెంచా. కరివేపాకు, కొత్తిమీర.

1) రొయ్యల తలలు, పొట్టు తీసి విడిగా ఉంచాలి. వీపు మీది నల్లనరం లాగెయ్యాలి. ఒలిచిన రొయ్యలకు, చేప ముక్కలకు కొంచెం ఉప్పు, పసుపు పట్టించి చల్లని చోట పెట్టాలి.

2) రెండు చెంచాల నూనెలో తలలు, పొట్టు ఎర్రబడేదాకా వేయించి, లీటరున్నర నీళ్ళు పోసి సన్నసెగన అరగంట మరిగించాలి. తలలను గరిటెతో నొక్కి రసం దిగనిచ్చి, గుడ్డలో గట్టిగా పిండి వడగట్టాలి. ఒక్క పొట్టు ముక్క కూడా పులుసులోకి రాకూడదు.

3) కొబ్బరి తురిమి రుబ్బి, మొదటి చిక్కటి పాలు సుమారు 300 మిల్లీలీటర్లు విడిగా తీసుకోవాలి. వేడినీళ్ళు పోసి మళ్ళీ పిండిన పలచటి పాలు అర లీటరు వేరుగా ఉంచాలి. చింతపండు నానబెట్టి రసం తీయాలి.

4) వెడల్పాటి మట్టిపాత్రగాని స్టీలు గిన్నెగాని వాడాలి. కళాయి వేయించని ఇత్తడిలోను, అల్యూమినియంలోను పులుపు వండవద్దు. ఆమ్లం లోహాన్ని తింటుంది, ఆ లోహాన్ని మనం తింటాం. నూనె కాగాక మెంతులు వేసి రంగు తిరగ్గానే ఉల్లిముద్ద వెయ్యాలి. మెంతి మాడితే చేదు. పచ్చిమిర్చి, కరివేపాకు, అల్లంవెల్లుల్లి, పసుపు, కారం, వేయించి నూరిన ధనియాలు, జీలకర్ర ఒకటి తరవాత ఒకటి వేసి నూనె తేలేదాకా ఓపికగా వేయించాలి. ఇక్కడ తొందరపడితే పులుసు చివరిదాకా పచ్చివాసన కొడుతుంది.

5) చింతపండు రసం, వడగట్టిన పొట్టునీళ్ళు, పలచటి పాలు, ఉప్పు చేర్చి పావుగంట మరగనివ్వాలి. పలచటి పాలు కాస్త విరిగినా ఉల్లిముద్దలో కలిసిపోతాయి, కంగారుపడవద్దు.

6) డొప్ప తీసి కడిగి, కాళ్ళు చితక్కొట్టిన పీతలు ముందు వేసి 12 నిమిషాలు. సెగ తగ్గించి చేప ముక్కలు పరిచినట్టు పెట్టి 7 నిమిషాలు. చివర రొయ్యలు వేసి 3 నిమిషాలు. చేప పడ్డాక గరిటె ముట్టుకోవద్దు.

7) పొయ్యి ఆర్పాలి. మర్నాటికి దాచుకోదలిచిన భాగం ఇప్పుడే తీసెయ్యాలి, కొబ్బరిపాలు కలిసిన పులుసు నిలవుండదు. దాచినదాన్ని చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టాలి. మిగిలినదానిలో బియ్యప్పిండి కలిపిన చిక్కటి పాలు, పైన చెప్పినట్టు అలవాటు చేసి పోసి, గిన్నె తిప్పాలి. కొత్తిమీర చల్లి మూతపెట్టి పావుగంట ఆగాలి. మళ్ళీ మరిగించకూడదు.

2025 కనుమ

ఆ రోజు పొద్దున్న చేపలావిడ తట్ట దించి, "ఇప్పుడే దిగిన సరుకండి బాబూ, ఆయ్, చెవులు చూసుకోండి" అంది. చెవులు ఎత్తి చూశాను, ఎర్రగా ఉన్నాయి. మామ్మ కుర్చీని వంటింటి గుమ్మంలో వేశాం. త్రాసు, గడియారం, నోట్సు బల్లమీద పెట్టుకున్నాను. "పరీక్షకెళ్తున్నట్టున్నాడు" అని మామయ్య హాస్యమాడాడు. నిజమే మరి.

అన్నీ వరసగా జరిగాయి. చివర గిన్నె తిప్పే ఘట్టం వచ్చింది. అయిదు లీటర్ల పైచిలుకు పులుసు, వేడి గిన్నె, నా ఒక్కడివల్ల కాలేదు. మామ్మ గుమ్మంలోంచి గారెల బాణలి వైపు చూసి, "అమ్మాయ్, నువ్వొచ్చి ఆ పక్క పట్టుకోవే" అంది. అమ్మ ఒక్క క్షణం ఆగి, చెయ్యి కడుక్కుని వచ్చింది. గుడ్డలతో చెరో అంచూ పట్టుకుని తిప్పాం. పాలు విరగలేదు. పులుసు నారింజరంగుకు తిరిగి, నూనె అంచుల్లో ఎర్రగా తేలింది.

అంతకు ముందు ఏడాదిన్నరగా మామ్మ నలుగురిలో కూర్చుని తినలేదు, ఎడంచేత్తో తినడం నామోషీ అని. ఆ రాత్రి స్పూను అడిగింది. పులుసులో గారె ముంచుకుని తిని, "ఉప్పు ఒక్క పలుకు తగ్గింది" అంది. నేను 45 గ్రాములు తూచే వేశానన్నాను. "చేప ఎక్కువ తెచ్చావుగా, కళ్ళతో చూడక్కర్లా?" అంది. నిజమే, ఆ రోజు చేప పావుకిలో ఎక్కువే తెచ్చాను. నోట్సులో రాసుకున్నాను. త్రాసు ఉన్నా కళ్ళు మూసుకోకూడదన్నది నేను నేర్చుకున్న ఆఖరి పాఠం.

న్యాయంగా ఇంకొక మాట కూడా చెప్పాలి. మామ్మ చెప్పినవన్నీ శాస్త్రానికి నిలబడలేదు. చేప తిని పెరుగు తింటే బొల్లి వస్తుందని ఆవిడ నమ్మకం. అందుకు ఆధారమేమీ లేదు. ఆ సంగతి చెప్పాను. "నీ పుస్తకం నువ్వు చదువుకో, పెరుగు మాత్రం వెయ్యను" అంది. పెద్దవాళ్ళ జ్ఞానాన్ని కళ్ళకద్దుకోనూ అక్కర్లేదు, కొట్టిపారెయ్యనూ అక్కర్లేదు, తూచి చూస్తే చాలు.

మిత్రులారా, ఈసారి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఒక చిన్న త్రాసు, ఒక నోట్‌బుక్కు పట్టుకువెళ్ళండి. ఆవకాయ కానివ్వండి, అరిసెల పాకం కానివ్వండి, మీ ఇంట్లో ఎవరి గుప్పిట్లోనో ఒక కొలత ఉండే ఉంటుంది. ఆ చెయ్యి ఆడుతుండగానే తూచి రాసుకోండి. నేను చెయ్యి పడిపోయాక మొదలుపెట్టాను. మామ్మ చూపు మిగిలి ఉంది గనక సరిపోయింది.